సగం గ్లాసు చాయ్

మా ఆయన పటాన్‌చెరు ఫ్యాక్టరీలో రిటైరయ్యాక ఓ చిన్న తెరచాప పడవ కొన్నాం. గోవా నుంచి కొచ్చి దాకా తీరం వెంట తిరుగుతూ అందులోనే ఉంటాం. వానాకాలం మాత్రం పడవను ఒడ్డుకెక్కించి, భానూర్‌లో మా ఇంటికొస్తాం.

పడవ కొన్నామన్న కోపంతో మా బావగారు మూడేళ్లుగా మాతో మాట్లాడలేదు. ఈ రోజు పొద్దున ఆయనే గేటు తెరుచుకుని వచ్చారు. సంబరంగా చాయ్ పెట్టి ఇచ్చాను. ఆయన గ్లాసులోకి చూసి లేచి నిలబడ్డారు.

"సగమే పోసినవేందమ్మా? నేనొచ్చుడు ఇష్టం లేకుంటే చెప్పు, పోత."

మా ఆయన అందుకున్నాడు. "అయ్యో అన్నా, పడవ ఊగుతది. నిండ పోస్తే ఒలుకుతది. ఆమెకు గదే అలవాటైంది. నా గ్లాసు సూడు, గిది గూడ సగమే."

బావగారు రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టి చూసి, మళ్లీ కూర్చున్నారు. "భానూర్ ఊగుతలేదు గదా. నిండ పొయ్యి."

అంచుదాకా పోశాను. తాగడం అయ్యాక మెల్లగా అడిగారు. "మీ పడవ మీదికొస్తే నాగ్గూడ సగమేనా?"

"సగమే బావా. గని రెండుసార్లు పోస్త."

పడవలో ఉన్నవి రెండే పడకలు. ఆయన్ని ఎక్కడ పడుకోబెట్టాలో మీరే చెప్పండి.