కుర్చీలు వెనక కట్టిన రోజు

మా అన్నది చావులకు సామాను అద్దెకిచ్చే పని. మేముండే ఈ ద్వీప నగరంలో చాలామంది ఉండేది ఫ్లాట్లలోనే. మనిషి పోతే శవాన్ని బ్లాకు కింద, స్తంభాల మధ్య ఖాళీ జాగాలో ఉంచుతారు. అక్కడికి మడత కుర్చీలు, బల్లలు, పెద్ద ఫ్యాన్లు వ్యాను వెనక ట్రైలర్‌లో తీసుకెళ్ళి దించేవాడు. నేను ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. సెలవు దొరికినప్పుడు ఆయనకు సాయం వెళ్ళేవాణ్ణి.

ఆసుపత్రి నుంచి శవం వచ్చేలోపు కుర్చీలు వేసి ఉండాలనేది అన్న పట్టుదల. "ఏడ్చేవాళ్ళను నిలబెట్టకూడదురా" అనేవాడు. అందుకని కుర్చీలను ట్రైలర్‌లో అన్నిటికన్నా వెనక, తలుపు పక్కనే కట్టేవాళ్ళం. తలుపు తీస్తే మొదట చేతికందేవి అవే. ఎనభై ఇనప కుర్చీలు. ఈ పద్ధతి మా నాన్న నుంచి వచ్చింది. ఆయన లారీలో మోసేవాడు కాబట్టి ఏది ఎక్కడ పెట్టినా చెల్లిపోయింది.

ట్రైలర్ ముందు భాగంలో బల్లలు పేర్చేవాళ్ళం. వాటి బరువుకు వ్యాను వెనక భాగం కుంగి, ముందు భాగం పైకి లేచేది. వానలో స్టీరింగు చేతిలో తేలిపోతోందని అన్న ఒకసారి చెప్పాడు. అప్పుడు నేను పుస్తకాలు తిరగేసి వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ అనే కొక్కెం సంగతి తెలుసుకున్నాను. దానికి రెండు స్ప్రింగు కమ్మీలు ఉంటాయి. వాటిని బిగిస్తే వ్యాను వెనక చక్రాల మీద పడే భారంలో కొంత ముందు చక్రాలకు, కొంత ట్రైలర్ చక్రాలకు పోతుంది. కమ్మీలు బరువుకు తగినవి కావాలి. మెత్తనివైతే పని చేయవు. మరీ గట్టివైతే ట్రైలర్ చట్రాన్ని కుదిపి పాడుచేస్తాయి.

తగినవి ఎంచుకోవాలంటే ట్రైలర్ ముందు కొన కొక్కెం మీద ఎంత భారం వేస్తోందో తెలియాలి. అందుకు మా వదిన బాత్రూములో బరువు చూసుకునే మిషను అడిగాను.

"అది నన్ను తూచడానికయ్యా, చావు సామాను తూచడానికి కాదు" అంది వదిన.

"నువ్వెక్కితే సూది భయపడుతోంది, దానికీ కాస్త విశ్రాంతి ఇవ్వు" అన్నాడు అన్న. చేతిలో ఉన్న తువ్వాలు ఆయన మీదికి విసిరేసింది.

ట్రైలర్ ముందు కొనను మిషను మీద ఆనిస్తే సూది నూట పది కిలోల దగ్గర ఆగింది. దానికి సరిపడే కమ్మీలు కొన్నాం. యీషున్‌లో గ్యారేజి నడిపే చైనీస్ అంకుల్ బిగించాడు. వ్యాను ముందు చక్రం పైనున్న అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో ముందే కొలిచి, ట్రైలర్ తగిలించాక మళ్ళీ కొలిచి, పైకి లేచినదాంట్లో సగానికి పైగా కిందికి దిగేదాకా కమ్మీలను పట్టి ఉంచే గొలుసులు బిగించాడు. "ఇది మంత్రం కాదు లా" అన్నాడు ఇక్కడివాళ్ళ యాసలో, చేతులు తుడుచుకుంటూ. "ముందు కొన మీద బరువు ఉంటేనే ఇది పనికొస్తుంది. వెనక బరువెక్కితే ట్రైలర్ తోకాడిస్తుంది. అప్పుడు దీన్ని నమ్ముకోవద్దు." అన్న అప్పటికే వ్యాను ఎక్కేశాడు. విన్నది నేనొక్కణ్ణే.

రెండేళ్ళు బాగానే నడిచింది. ఆ రోజు ఉదయం పాయా లేబర్ దగ్గర ఒక ఇంటి నుంచి ఫోను వచ్చింది. బల్లలు గుడి నుంచి వస్తున్నాయి, కుర్చీలు చాలు, శవం గంటలో వస్తుందన్నారు. అన్న వ్యాను తీసుకురావడానికి వెళ్ళాడు. సామాను ఎక్కించింది నేను. ఎప్పటిలాగే కుర్చీలన్నీ వెనక కట్టాను. ముందు బల్లలు లేవు, ఆ భాగమంతా ఖాళీ. వ్యాను వచ్చాక కమ్మీలు కూడా ఎప్పటిలాగే బిగించాను. ముందు కొన మీద మిగిలిన కాస్త భారాన్ని అవి ఇంకా తగ్గించాయి. మిషను వదిన బాత్రూములోనే ఉంది.

వాన పడుతోంది. మేముండే సెంబవాంగ్ నుంచి ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి ఒక పల్లం దిగుతుండగా వెనక ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలైంది. అన్న నెమ్మదిగానే నడుపుతున్నాడు. బ్రేకు వేశాడు. ఊపు ఇంకా పెరిగింది. వ్యాను ఆయన కూర్చున్న వైపు రోడ్డు మధ్య గోడను గుద్దుకుంది. ఆయన అక్కడికక్కడే పోయాడు. నాకు భుజం విరిగింది. కుర్చీలు రోడ్డంతా చెదిరాయి. సామాను ఎలా కట్టారని పోలీసులు అడిగారు. మామూలుగానే కట్టామన్నాను.

అన్న శవాన్ని ఆయన బ్లాకు కిందే ఉంచాం. కుర్చీలు వేరేవాళ్ళవి. మా పెదనాన్న పక్కనున్న వాళ్ళతో గట్టిగానే అన్నాడు. "స్పీడుగా పోయుంటాడు. శవం కన్నా ముందు చేరాలని వాడికెప్పుడూ తొందరేగా." వదిన వింది. నా వైపు చూసింది. వ్యానులో ఆయన పక్కన కూర్చున్నది నేనే కదా. నేను కట్టు కట్టిన నా భుజం వైపు చూసుకున్నాను. ఆ తర్వాత ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ అదే మాట తెచ్చారు. వదిన ఎవరితోనూ వాదించలేదు.

మూడో నెలలో ట్రైలర్ బాగుచేయించి అమ్మకానికి పెట్టింది. పెళ్ళిళ్ళకు సామానిచ్చే మలయ్ అతను చూడటానికి వచ్చాడు. మిగిలిన అరవై కుర్చీలతో సహా కావాలన్నాడు. కొక్కెం సంగతి అడిగితే చెప్పాను. వదిన పైకి వెళ్ళి మిషను తెచ్చి నాకిచ్చింది. కుర్చీలు ముందు వైపు పెట్టి తూచాం. సూది డెబ్బై దగ్గర ఆగింది.

"వెనక పెడితే ఏమవుతుంది, ఆంటీ? దించడానికి తేలిక కదా" అన్నాడతను, నన్ను కాదు, వదిననే.

వదిన నా వైపు తిరిగింది. ఇద్దరం కలిసి కుర్చీలు వెనక్కి మార్చాం. సూది పది దగ్గరికి దిగింది. వదిన వంగి దాన్ని చాలాసేపు చూసింది.

"ఆ రోజు కుర్చీలు ఎక్కడున్నాయి?"

"వెనక."

"బల్లలు?"

"లేవు."

"కట్టిందెవరు?"

"నేనే వదినా. అలా కట్టకూడదని గ్యారేజీలో చెప్పారు. నాకు తెలుసు."

"ఆయన స్పీడుగా పోలేదు."

"లేదు."

ఆమె మిషను తీసి చీర కొంగుతో తుడిచింది. మలయ్ అతనికి మా మాటలు అర్థం కాలేదు. కాస్త దూరంగా వెళ్ళి నిలబడ్డాడు.

"ఆదివారం మాసికానికి అందరూ వస్తారు" అంది వదిన. "మీ పెదనాన్న కూడా. కుర్చీలు అప్పటిదాకా మన దగ్గరే ఉంచమని అతనికి చెప్పు. అందరి ముందూ నువ్వే చెప్పాలి. ఆ తర్వాత పోలీసులకూ చెప్పు. అవి రెండూ అయ్యేదాకా నాతో మాట్లాడకు."

ఆదివారం బ్లాకు కింద భోజనాలు పెట్టాం. కుర్చీలు నేనే వేశాను. అందరూ కూర్చున్నాక నిలబడి చెప్పాను. ఫ్యాను హోరులో వినపడలేదు, మళ్ళీ చెప్పమన్నాడు పెదనాన్న. ఫ్యాను ఆపి, మొదటి నుంచి మళ్ళీ చెప్పాను.