అట్టపెట్టెల కింద గోంగూర

మా ఊళ్లో ఇప్పుడు ఏ తెలుగువాళ్ల పెరట్లో చూసినా గోంగూర ఉంది. ఆ విత్తనాలు ఎవరో ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చారని చెప్పుకుంటారు. కాదు. అవి ఇక్కడే, అమెరికాలో, ఈ నేపర్‌విల్‌లో, మా పెరట్లో పండినవి. అసలు సంగతి తెలిసినవాళ్లం నేనూ మావారూ ఇద్దరమే మిగిలాం కాబట్టి రాసిపెడుతున్నాను.

ఎనభైల మొదట్లో మాట. మొదటి ఏడాది మొక్కలు నా ఎత్తు పెరిగి, పూత రాకముందే మంచుకు నల్లబడిపోయాయి. మా అమ్మ పోస్టులో పంపిన డబ్బాలో మిగిలినవి ఆరు గింజలు. నేను చదివింది పదో తరగతే. అయినా ఆ చలికాలమంతా డిక్షనరీ పక్కన పెట్టుకుని లైబ్రరీలో కూర్చున్నాను. రాత్రి పొడుగ్గా ఉంటేనే ఈ మొక్క పూస్తుందని, ఇక్కడి వేసవి పగళ్లు దానికి మరీ ఎక్కువని తెలుసుకున్నాను. మరుసటి ఏడు చివుళ్లు తుంచి మొక్కల్ని పొట్టిగా ఉంచాను. జూలై నుంచి రోజూ సాయంత్రం ఐదింటికి వాటి మీద అట్టపెట్టెలు బోర్లించి, పొద్దున ఎనిమిదింటికి తీసేదాన్ని.

ఆ రెండు వేళలా పక్కింటి ముసలావిడ కర్టెన్ కదిలేది. చేయి ఊపితే మూసుకునేది.

ఆగస్టులో పోలీసు వచ్చాడు. ఐదు వేళ్ల ఆకు తుంచి వాసన చూశాడు. నేను గర్వంగా లైబ్రరీ పుస్తకం తెచ్చి లాటిన్ పేరు చూపించాను.

"కన్నబినస్," అని పైకి చదివాడు.

ఆకు గంజాయిలా ఉంటుందని పెట్టిన పేరని నేను వివరించేకొద్దీ అతని మొహం బిగుసుకుంది. వారంలో మళ్లీ వస్తానని, ఒక్క మొక్క కూడా కదపొద్దని చెప్పి వెళ్లాడు.

"గ్రీన్ కార్డ్ ఇంకా పెండింగ్‌లో ఉంది. పీకి పారెయ్," అన్నారు మావారు.

"పీకితే తప్పు ఒప్పుకున్నట్టే కదండీ. పైగా ఉన్న గింజలన్నీ వేసేశాను."

"నీ పచ్చడి కోసం నన్ను డిపోర్ట్ చేయిస్తావా?"

"పచ్చడి తినేదెవరట?"

ఆ వారమంతా నేను లేవగానే ముందు పెరట్లోకి వెళ్లి, ఆయన పీకేయలేదు కదా అని చూసుకునేదాన్ని.

నాలుగో రోజు ఒక మొక్క పూసింది. ఒక్కటే. రోజుకో పువ్వు పూసి, మధ్యాహ్నానికే ముడుచుకునేది. ఆరో రోజున పోలీసు వచ్చింది సాయంత్రం, చేతిలో పారతో. పొద్దున పువ్వు ఉండిందంటే నమ్మలేదు.

అప్పుడు పక్కింటావిడ కంచె దగ్గరికి వచ్చింది. "ఫోన్ చేసింది నేనే," అంది ఇంగ్లీషులో. "మూడు పొద్దులుగా చూస్తున్నాను. లేత పసుపు పువ్వు, మధ్యలో ముదురెరుపు. నా మందారాల్లాగే ఉంది. గంజాయికి అలాంటి పువ్వు ఎక్కడైనా చూశావా?"

అతను పుస్తకంలో బొమ్మ వెతికి చూసుకుని, పార కారులో పెట్టుకున్నాడు.

అక్టోబరు మంచుకు ముందే ఆ మొక్క కాయలు ఎండాయి. ఆ తర్వాత ఏటా అన్నిటికన్నా ముందు పూసినదాని గింజలే దాచాను. మీ పెరళ్లలో ఉన్నవి వాటి సంతానమే.

పేర్లు రాయను గానీ, ఎందుకని అడగకుండా పుస్తకాలు తీసిచ్చిన లైబ్రరీ ఆవిడకు, మొక్కలు పీకని మావారికి కృతజ్ఞతలు. పొద్దునా సాయంత్రం మమ్మల్ని కనిపెట్టి చూసిన పక్కింటావిడకు ఆ ఏడే ఒక సీసా పచ్చడి ఇచ్చాను. మూత తీసి, ముందు వాసన చూసింది.