నాగరాణి నరం అచ్చు

జహీరాబాద్ బైపాస్ పక్కన ఒక షెడ్డులో దేవరాజ్ మెదడులోని రక్తపు నరాలకు అచ్చులు పోస్తాడు. చదువు తొమ్మిదితో ఆగింది. ట్రాక్టర్ విడిభాగాల అచ్చులు పోసేచోట చూసి చూసి పట్టుకున్న పని ఇది. రోగి స్కాన్ ప్రకారం మిషన్ మైనంతో నరాన్ని చేసి ఇస్తుంది. దాని చుట్టూ సిలికాన్ పోసి, గట్టిపడ్డాక వేడినీళ్లలో మైనం కరిగిస్తే లోపల బోలు నరం మిగులుతుంది. రక్తమంత చిక్కగా గ్లిజరిన్ కలిపిన నీళ్లను అందులోకి గుండె కొట్టుకున్నట్టు పంపుతో తోస్తారు. నరం గోడ ఉబ్బినచోట నీళ్లు సుడి తిరుగుతాయి. ఉబ్బు మూతికి అడ్డంగా సన్నటి తీగల జల్లెడ గొట్టం పెడితే ఆ సుడి నెమ్మదించాలి. అదీ పరీక్ష. కొలిచేది వికాస్ అనే ఇంజనీరు.

పోయిన ఎండాకాలం అలాంటి ఉబ్బే దేవరాజ్ భార్య నాగరాణి తలలో బయటపడింది. జల్లెడ వేద్దాం, వచ్చే వారమే రమ్మన్నాడు హైదరాబాద్ డాక్టరు. దేవరాజ్‌కు మనసొప్పలేదు.

"జర ఆగుండ్రి సార్. మా షెడ్డుల పరీక్ష చేసి చూస్త."

"అచ్చు కోసం ఆగే పని లేదయ్యా. ఉబ్బు ఎప్పుడు పగులుతుందో చెప్పలేం."

నాగరాణి కల్పించుకుంది. "మా ఆయన చూసినంకనే సార్. పెండ్లికి ముందు నన్ను గూడ గిట్లనే మూడుసార్లు చూసిపోయిండు."

మొదటి అచ్చులో ఉబ్బు మూతి దగ్గర ఆవగింజంత గాలిబుడగ పడింది.

"నీళ్లు పోయే దారిలో లేదు కదన్నా, నడిపిద్దాం," అన్నాడు వికాస్.

"వేరేటోళ్లదైతేనే పారేస్త. ఇది నా పెండ్లాం నరం." దేవరాజ్ దాన్ని కోసి చెత్తలో వేశాడు.

ఆ సాయంత్రం నాగరాణి అడిగింది. "ఏమయ్యా, నా నెత్తిల తెలివి గిట్ల ఏమన్న కనబడ్డదా?"

"యాడిది? గాలి తప్ప ఏం లేదు. మళ్ల పోస్తున్న."

"నాకేం తొందర! నిమ్మళంగ పొయ్యి."

మళ్లీ మైనం, మళ్లీ సిలికాన్. దవాఖాన తారీకు దాటిపోయింది. రెండో అచ్చును వెలుతురుకు పట్టి చూస్తే ఎక్కడా మచ్చ లేదు. తన చేతిమీదుగా అంత శుభ్రమైన అచ్చు ఎన్నడూ రాలేదు. వికాస్ దాన్ని పంపుకు బిగిస్తుండగా అత్త నారమ్మ ఫోన్ చేసింది. కూలికి పోయి అల్లం కడిగేకాడ నాగరాణి నెత్తి పట్టుకుని కూలిపోయింది.

బతికింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట ముక్కలుగా వస్తుంది.

దేవరాజ్ దవాఖానలో ఉండగా వికాస్ పరీక్ష పూర్తి చేశాడు. జల్లెడ పెట్టగానే సుడి చల్లబడింది. డాక్టరు చెప్పిందే నిజమైంది.

"మొదటి అచ్చుల గూడ గిదే కనబడేదా తమ్మీ?" అని అడిగాడు దేవరాజ్. "కనబడేదన్నా," అన్నాడు వికాస్.

ఇంటికొచ్చాక, జావ తాగిస్తుంటే నాగరాణి ఎడమచేత్తో చెంచా ఆపింది.

"అచ్చు... మంచిగ... వచ్చిందా?"

అసలు ఆగాల్సిన పనే లేకపోయిందని చెప్పాలని దేవరాజ్ నోరు తెరిచాడు.

"వచ్చింది," అన్నాడు చివరికి.

ఆమె ముఖంలో సగం నవ్వింది. "నాకెరుకే... నీ చెయ్యి."

దేవరాజ్ ఆ చేత్తో చెంచా పట్టలేక గిన్నె కింద పెట్టాడు.