హెబ్రోనుకు తెలియని వాపు

తోటపల్లి గూడూరు చుట్టుపక్కల రొయ్యల గుంటల్లో నీళ్లకు గాలి కొట్టే మోటారు ఆగిపోతే అందరికీ ముందు గుర్తొచ్చేది వాటిని బాగుచేసే హెబ్రోను. అరవై రెండేళ్ల మనిషి. పని చేస్తున్నంతసేపూ మోటారుతో మాట్లాడుతూనే ఉంటాడు. బుజ్జగిస్తాడు, తిడతాడు, మళ్లీ బుజ్జగిస్తాడు. ఒంట్లో బాగాలేదని మంచమెక్కిన రోజు లేదు.

చర్చిలో వైద్య శిబిరం పెడితే అందరితోపాటు తనూ రక్తం ఇచ్చి వచ్చాడు. వారం తర్వాత చేతికిచ్చిన కాగితంలో పీఎస్ఏ అన్నచోట నాలుగులోపు ఉండాల్సింది తొమ్మిది ఉంది. మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథికి సంబంధించింది, నెల్లూరులో చూపించుకోమని నర్సు చెప్పింది. క్యాన్సర్ అన్న మాట ఆమె అనలేదు. ఆయనే ఫోనులో వెతుక్కుని చదివాడు.

భార్య జయశీలకు ఆ సంగతి చెప్పలేదు. మర్నాటి నుంచి ఆమెకు స్కూటీ నేర్పడం మొదలుపెట్టాడు. ఈ వయసులో నాకెందుకని ఆమె అంటే వినలేదు. గ్యాసు ఎలా బుక్ చేయాలో, కరెంటు పోతే ఎవరికి ఫోను చేయాలో కూడా చెప్పసాగాడు. నాలుగోరోజు ఆమె బండి ఆపి దిగింది.

"ఏమయ్యా, నన్నొదిలిపెట్టి యాడికి పోతుండావు నువ్వు?"

ఆయన జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు.

"ఈ ముక్క మొదటిరోజే చెప్పుంటే ఈపాటికి డాక్టరు దగ్గరికి పోయుండేవాళ్లం గదా!" అని ఏడుస్తూనే కోప్పడింది జయశీల.

నెల్లూరులో డాక్టర్ క్రాంతి కుమార్ అన్నీ అడిగాడు. మంట లేదు, నొప్పి లేదు, మూత్రానికి ఇబ్బంది లేదు.

"ఈ అంకె ఒక్కటే చూసి క్యాన్సర్ అనలేమండీ. గ్రంథి పెరిగినా, వాచినా ఇది పెరుగుతుంది" అన్నాడాయన.

ఆరు వారాలాగి మళ్లీ రక్తపరీక్ష చేస్తే ఎనిమిదిన్నర. స్కానింగులో ఒకచోట అనుమానంగా కనిపించడంతో సూదితో చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపారు.

ఫలితం వచ్చేదాకా పది రోజులు హెబ్రోను ఏ మోటారునూ పలకరించలేదు. జయశీల రోజూ ఆయన వెంట వెళ్లి గట్టు మీద కూర్చునేది. ధైర్యం చెప్పేది కాదు. మధ్యాహ్నం క్యారేజీ విప్పి చేపల పులుసులో ముళ్లు తీసి పెట్టేది. ఆయన తినేవాడు.

పదకొండోరోజు డాక్టరు నవ్వుతూ పిలిచాడు. "క్యాన్సర్ కణాలేమీ కనబడలేదు. వాపు ఉంది, అంతే."

"నాకు తెలవకుండా వాపేంది సార్?"

"కొందరికి ఏ బాధా ఉండదు. ఇలా ఇంకోదాని కోసం వెతుకుతుంటే బయటపడుతుంది. ఇప్పుడు మందులు అక్కర్లేదు. ఆరు నెలలకోసారి రక్తపరీక్షకు మాత్రం రండి."

"అయితే ఇంక క్యాన్సర్ రాదా అయ్యా?" అంది జయశీల.

"ఆ మాట ఇవ్వలేనమ్మా. అందుకే రమ్మంటున్నా."

ఆ ఆదివారం హెబ్రోను చర్చిలో దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పడానికి లేచాడు. ఆ గ్రంథి ఎక్కడుంటుందో చేతులతో చూపించబోతే ఆడవాళ్లు తలలు వంచుకున్నారు, కుర్రవాళ్లు కిసుక్కుమన్నారు, జయశీల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన మాత్రం చెప్పాల్సిందంతా చెప్పే కూర్చున్నాడు.

అందరూ వెళ్లాక, చేపల వలలు అల్లే మాథ్యూ మెల్లగా దగ్గరికొచ్చాడు.

"అన్నా, ఆ శిబిరం రక్తపరీక్షలో నాకు కూడా ఆరు వచ్చినాది. సిగ్గేసి ఎవురికీ చెప్పలా."

హెబ్రోను అతని భుజం మీద చెయ్యేశాడు. "రేపు పొద్దున్నే తయారుగా ఉండు, నెల్లూరికి నేనూ వస్తా" అన్నాడు.