గరాజ్‌లో సీజన్ పంచాంగం

ఉగాదినాడు గుడిలో చదివే పంచాంగం డాక్టర్ ఉమామహేశ్వరరావుకి పెద్దగా పట్టదు. ఆయన పంచాంగం ఆగస్టులో. సియాటిల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆటలు మొదలయ్యే ముందు ఒక శనివారం, ఆ ఊరి పక్కనే బాతెల్‌లోని తన ఇంటి గరాజ్ తలుపు పైకెత్తి, మడత కుర్చీలు వేసి, రాబోయే సీజన్ ఫలితాలు పురోహితుడి గొంతుతో వినిపిస్తాడు. ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్‌కి ఆదాయం ఇంత, వ్యయం ఇంత. కోచ్‌కి రాజపూజ్యం, రెఫరీకి అవమానం. భార్య బాలమణి పులిహోర కలిపి, మిరపకాయ బజ్జీలు వేస్తుంది. తెలుగు కుటుంబాలన్నీ దిగుతాయి.

ఆ సభకి ముఖ్య అతిథి పక్కింటి వాల్టర్. ఒకప్పుడు వేరే రాష్ట్రపు జట్టులో ముందువరుసలో నిలబడి ఎదుటివాళ్ళని ఢీకొంటూ ఆడినవాడు. లూసియానాలో చెరకు తోటల మధ్య ఒక పేద నల్లజాతి ఇంట్లో పుట్టి, కాలేజీ మెట్లెక్కడానికి ఆట తప్ప వేరే దారి దొరకనివాడు. ఆయన కోసం డాక్టరు ప్రతి వాక్యాన్నీ ఇంగ్లీషులోకి తిప్పుతాడు. చివర్లో వాల్టర్ జాతకం కూడా చదవాలి. అది లేకుండా ఆయన కుర్చీలోంచి లేవడు.

2013లో ఆ శనివారం పొద్దున, డాక్టరు కరివేపాకు కుండీని ఎండలోకి జరుపుతుంటే, వాల్టర్ భార్య డెనీస్ కంచె దగ్గరికి వచ్చింది.

"డాక్, వాల్టర్ నిన్న మందుల షాపుకని వెళ్ళి ఎక్కడో ఎవరెట్ ఊళ్ళో తేలాడు. ఫోన్ చేసి మన ఇల్లెక్కడని నన్నే అడిగాడు. పరీక్షలంటే మండిపడతాడు. నీ పంచాంగం మాత్రం వింటాడు. పరీక్ష చేయించుకోమని అందులో పెట్టి చెప్పవా?"

డాక్టరు సరేనన్నాడు. లోపలికొచ్చి బాలమణికి చెప్పాడు.

"బెల్లంలో మాత్ర దాచి ఇస్తారన్నమాట. ఆయనేమన్నా చిన్నపిల్లాడా?" అంది ఆవిడ శెనగపిండి జల్లిస్తూ.

"మరేం చెయ్యమంటావే?"

"నలభై ఏళ్ళు డాక్టరీ చేసింది మీరు. నన్నడుగుతారేం?"

ఆయన చేసిన డాక్టరీ మెదడుకీ నరాలకీ. అయినా ఆ పంచాంగంలో ఏటా ఎక్కువ నవ్వులు రాలేది 'శిరోఘాత యోగం' దగ్గరే. ఏ ఆటగాడు తలకి దెబ్బ తగిలి పెళ్ళాం పుట్టినరోజు మర్చిపోతాడో అందులో చెప్తాడు. అందరికంటే పెద్దగా వాల్టరే నవ్వేవాడు. ఆ వేసవి పేపర్ల నిండా తలదెబ్బల వల్ల మతి పోతోందని మాజీ ఆటగాళ్ళు వేసిన కేసు. అలాంటివాళ్ళు చాలామంది ఎదిగివచ్చింది వాల్టర్ పుట్టినలాంటి ఇళ్ళలోంచే. సోఫాలో కూర్చుని కొట్టు, కొట్టు అని అరిచేది మాత్రం మనలాంటివాళ్ళం.

సాయంత్రం గరాజ్ నిండింది.

"అంకుల్, ఈసారి మనకి ట్రోఫీ యోగం ఉందా లేదా, ముందది చెప్పండి. సీజన్ టికెట్స్ రెన్యూ చేసేశా," అన్నాడు సాఫ్ట్‌వేర్ కిరణ్‌కుమార్.

"వీసా రెన్యూవల్ ఎంతవరకొచ్చిందో అడగరు గానీ," అంది అతని భార్య విజయశ్రీ. అందరూ నవ్వారు.

"మొదటి ఆట ఎవరితో, డాక్?" అని అడిగాడు వాల్టర్. డాక్టరు చెప్పి చదవడం మొదలుపెట్టాడు. గ్రహబలం డిఫెన్స్‌కి బాగుంది. వర్షం వల్ల ప్రత్యర్థులకి నష్టం. ఆటంతా చూయింగ్ గమ్ నమిలే కోచ్‌కి ఆ వ్యయం ఎక్కువ. కాసేపటికి వాల్టర్ మళ్ళీ అదే అడిగాడు. కిరణ్‌కుమార్ పక్కవాడికేసి చూసి నవ్వాడు.

"అంకుల్, శిరోఘాతం మర్చిపోయారు," అన్నాడు కిరణ్‌కుమార్ చివర్లో.

"మర్చిపోలేదు. తీసేశాను."

"అదేంటండీ, హైలైట్ అదే కదా. ఫన్ కోసమేగా."

"దెబ్బ వాళ్ళది, ఫన్ మనది. తలకి దెబ్బ తగిలితే ఏమవుతుందో ఇక్కడందరిలో నాకే ఎక్కువ తెలుసు. అయినా ఇన్నేళ్ళూ నేనే నవ్వించాను. ఇక చాలు."

ఎవరో పులిహోర గిన్నె మీద మూత పెట్టారు. డెనీస్ చేతిలో బజ్జీ చేతిలోనే ఉంది.

"నాది చదువు," అన్నాడు వాల్టర్.

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "వాల్టర్‌కి రాజపూజ్యం ఐదు, అవమానం సున్న. మొదటి ఆటకి ముందు మెదడు పరీక్ష చేయించుకుంటే శుభం."

వాల్టర్ ముందుకి వంగాడు. "ఇది నక్షత్రాలు చెప్పాయా, నువ్వు చెప్తున్నావా?"

నక్షత్రాల మీదికి నెట్టేస్తే ఇద్దరూ నవ్వుకుని లేవొచ్చు. గుమ్మంలో బాలమణి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది.

"నేనే చెప్తున్నాను," అన్నాడు డాక్టరు. "నిన్న ఎవరెట్ సంగతి డెనీస్ చెప్పింది. నాకు భయంగా ఉంది, వాల్టర్."

వాల్టర్ తన చేతులకేసి చూసుకున్నాడు. ఏనాడో విరిగి వంకరగా అతుక్కున్న వేళ్ళవి.

"ఇన్నేళ్ళూ నువ్వు జోకు వేసినప్పుడల్లా, డాక్టరే నవ్వుతున్నాడు, అంత పెద్ద విషయం కాదులే అనుకున్నాను."

డాక్టరు పంచాంగం కాగితం మడిచేశాడు.

"సోమవారం తీసుకెళ్ళు," అన్నాడు వాల్టర్. "కారు నువ్వే నడుపు. పరీక్ష గదిలోకి కూడా నువ్వు రావాలి."

"వస్తాను."

బాలమణి బజ్జీల పళ్ళెం ముందు వాల్టర్ దగ్గరికే తెచ్చింది. ఆయన ఒకటి తీసుకుని కిరణ్‌కుమార్ వైపు తిరిగాడు.

"మొదటి ఆట ఎవరితో?"

కిరణ్‌కుమార్ ఈసారి నవ్వలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, అప్పుడే మొదటిసారి విన్నట్టు జవాబు చెప్పాడు.