కొల్లేరు గట్ల మీదుగా గూడెం దాకా, రెండు బొచ్చె చేపలతో

సొంత కారులో ఒక్కరోజులో తిరిగి రాదగ్గ అందమైన దారి ఏదైనా ఉంటే చెప్పమని ఈ బ్లాగు చదివేవాళ్లు చాలా రోజులుగా అడుగుతున్నారు. కొల్లేరు గురించి ఇంటర్నెట్‌లో దొరికినవన్నీ చదివాను. ఏలూరు నుంచి కైకలూరు ఇరవై కిలోమీటర్లని ఒకరంటారు, నలభై అని ఇంకొకరంటారు. రాసినవాళ్లలో సగంమంది ఏలూరు బస్టాండు దాటి ఉండరని నా అనుమానం. హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని, ఎవరో చెప్పిన అంకె నాకు గొంతు దిగదు. అందుకే సెకండ్ హ్యాండులో కొన్న నా తెల్ల కారు బయటికి తీశాను. మా స్కూల్లోనే సైన్సు చెప్పే షమీమ్ తోడొచ్చింది. నేను నడపాలి, ఆమె ప్రతి మలుపు దగ్గరా మీటరు చూసి పుస్తకంలో రాయాలి, ఫొటో తియ్యాలి. అదీ మా ఒప్పందం.

డిసెంబరులో ఒక ఆదివారం ఉదయం ఆరింటికి ఏలూరులో బయల్దేరాం. ఐదొందలకి పెట్రోలు పోయించాం. బంకులో అతను మీటరు మీద సున్నా చూపించినా, నేను దిగి మళ్లీ చూసుకున్నాను. కైకలూరు రోడ్డు మీద మంచు విడుతుంటే రెండు పక్కలా నీళ్లు, గుర్రపుడెక్క, తెల్లగా లేచే కొంగలు. ఎనిమిదిలోపే ఆటపాక చేరాం. చెట్ల నిండా గూడబాతులు. వేలల్లో ఉంటాయండీ అన్నాడు పడవతను. "ఎవరు లెక్కపెట్టారండీ?" అని అడిగాను. "అవి కుదురుగా ఉంటే కదండీ లెక్కపెట్టడానికి" అని నవ్వేశాడు. కైకలూరులో ఇద్దరం ఇడ్లీ, కాఫీ కానిచ్చి ఆకివీడు మీదుగా నిడమర్రు వైపు తిరిగాం.

అసలు అందమంతా ఇక్కడే ఉంది. చేపల చెరువుల మధ్య గట్టు మీద మట్టిరోడ్డు, ఒక్క కారు మాత్రమే పడుతుంది. రెండో గేరు దాటకుండా పోతూ, ప్రతి మలుపులోనూ ఆగి రాసుకున్నాం. అలా గంటన్నర పోయాక గట్టు మీద ఒక టీ కొట్టు. నిడమర్రుకి దారి ఇదేనా అని అడిగితే కొట్టామె మమ్మల్ని, కారుని, షమీమ్ ఒళ్లో పుస్తకాన్ని వరసగా చూసింది. "ఇటు కాదండీ. ముందర గండి పడిపోయిందండీ. వెనక్కెళ్లిపోండి." బల్ల మీద కూర్చున్న పెద్దాయన ఇంకో అడుగు ముందుకేసి, అసలు ఇటు రోడ్డే లేదన్నాడు. ఆ లేని రోడ్డు మీద లారీ టైర్ల గుర్తులు తడి ఆరకుండా కనిపిస్తున్నాయి. "లారీ ఎగిరొచ్చిందా ఏంటి?" అంది షమీమ్ నా చెవిలో. కారు ముందుకే పోనిద్దామనుకున్నాం.

అరకిలోమీటరు వెళ్లేసరికి చేపల ట్రేల లారీ ఒకటి గట్టుకి అడ్డంగా నిలబడి ఉంది. చెడిపోయిందండీ అన్నాడు డ్రైవరు, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ. బానెట్టు మూసే ఉంది. ఇంతలో వెనక ఒక మోపెడ్ వచ్చి ఆగింది. ముందుకి దారి లేదు, వెనక్కీ లేదు. తలుపులు లాక్ చేసి, మెడలో గొలుసు చీర కొంగు కిందికి తోసేశాను. పట్టపగలు దోచుకుంటారని ఖాయం చేసుకున్నాను.

మోపెడ్ దిగినతనికి నలభై ఏళ్లుంటాయి. అద్దం దగ్గరకొచ్చి రెండు చేతులూ కట్టుకు నిలబడ్డాడు. "మేడం గారూ, ఏ ఆఫీసండీ మీది?"

"ఆఫీసేంటండీ, మేం టీచర్లం. చూడ్డానికొచ్చాం."

"చూడ్డానికొచ్చినోళ్లకి మలుపు మలుపుకీ రాసుకోడం ఎందుకండీ? తెల్ల కారు, ఆడవాళ్లే నడుపుకొచ్చారు. ఆఫీసర్లు కాపోతే ఈ గట్టెక్కేదెవరండీ?"

అతని పేరు వెంకన్న. పది కుటుంబాలు కలిసి వేసుకున్న చెరువుకి కాపలా అతనే. రెండేళ్ల కిందట ప్రభుత్వం సరస్సులో ఆక్రమించి వేసిన చెరువుల గట్లు కొట్టించిన సంగతి అందరికీ తెలిసిందే. "అప్పుడూ ఇలాగే ఇద్దరొచ్చి రాసుకెళ్లారండీ. మిషన్లొచ్చి గట్టు కోసేసినాయి. పట్టుబడికొచ్చిన చేపంతా కళ్లముందే పోయిందండీ. ఇది మా సొంత పట్టా భూమేనండీ. ఇంకో పది రోజులైతే చేప పట్టేస్తాం. ఆ పది రోజులూ వదిలెయ్యండి, మీకు పుణ్యముంటది."

లైసెన్సు చూపించాను. కార్డులు అందరికీ ఉంటాయండీ అన్నాడు. పట్టా భూమి అన్నది నిజమో కాదో నాకెలా తెలుస్తుంది? నాకతని మీద అనుమానం, అతనికి నా మీద అనుమానం. షమీమే తేల్చేసింది. "ఆయన మాట నిజమో కాదో మనం తేల్చలేం. ఆ కాగితం ఇచ్చెయ్యి." గంటన్నర లెక్క చింపి అతని చేతిలో పెట్టాను. గట్టు ఫొటోలు అతని ఎదురుగానే కెమెరాలోంచి తీసేశాం. వెంకన్న చెయ్యి ఊపాడో లేదో, చెడిపోయిన లారీ ఒక్క తాళంతో స్టార్టయింది! అందుకే ఆకివీడు దాటాక గట్టు దారి కిలోమీటర్లు ఈ పోస్టులో లేవు. అడగొద్దు, చెప్పను.

అతనే మోపెడ్ మీద ముందు నడిచి మమ్మల్ని తారురోడ్డెక్కించాడు. అక్కడ కారు వెనకాల చప్పుడైతే దిగి చూశాను. మోపెడ్ వెనక కట్టుకొచ్చిన, తడి గోనెలో చుట్టిన రెండు బొచ్చె చేపలు, ఒక్కోటి మూడు కిలోలకి తగ్గదు, డిక్కీలో సర్దుతున్నాడు. "పిల్లలకి వండిపెట్టండి మేడం గారూ. మమ్మల్ని గుర్తుంచుకోండి." అప్పుడు అర్థమైంది. కాగితం చింపినా, ఫొటోలు తీసేసినా, నేను ఆఫీసరు కానని అతను నమ్మలేదు. వద్దండీ అనబోయాను. ఆ ఒక్క క్షణంలో అతని మొహంలో రక్తం లేదు. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. లేని ఉద్యోగానికి లంచం తీసుకుని డిక్కీ మూశాను. అప్పుడు నవ్వాడు, మొదటిసారి.

గణపవరంలో ఐసు వేయించుకుని, ఒంటిగంటన్నరకి తాడేపల్లిగూడెం చేరి భోజనం చేశాం. ప్లేటు నలభై రూపాయలు, పెరుగు గట్టిగా ఉంది. అక్కణ్ణించి హైవే మీద భీమడోలు దాటి ఏలూరు యాభై కిలోమీటర్ల లోపే, నాలుగింటికి ఇంట్లో ఉన్నాం. ఆ రాత్రి షమీమ్ పులుసు పెట్టింది. బాగుంది, అయినా రెండు ముద్దల కన్నా దిగలేదు నాకు. పుస్తకం పట్టుకున్న మనిషి కనిపిస్తే పది ఇళ్లు వణకడమేంటన్న ఆలోచనే. ఆ భూమి నిజంగా పట్టాదేనా అని ఇప్పటికీ అనుమానమే. అయినా ఆ పది రోజులూ రోజుకోసారి పేపరు తిరగేశాను, మిషన్లు వచ్చాయన్న వార్త ఉండకూడదని. మీరు ఆ గట్లెక్కితే మొదటి టీ కొట్టు దగ్గరే కారు దిగండి. టీ తాగి, మీరెవరో, ఎందుకొచ్చారో చెప్పాకే కెమెరా తియ్యండి. అయినా ఎవరైనా చేపలు తెచ్చి డిక్కీలో పెడితే మాత్రం వద్దనకండి.