నానీ మేక పరువు

ఆ రోజుల్లో లోకంలో నాకు తెలియని విషయం లేదని నా గట్టి నమ్మకం. ఇంటర్ బైపీసీలో చేరి కొన్ని నెలలైంది మరి. మెదక్‌లో మా గల్లీలో ఎవరికి దగ్గొచ్చినా, ఎవరింట్లో బెండ మొక్క వాడిపోయినా అడగకుండానే కారణం చెప్పేదాన్ని. (విన్నవాళ్లు త్వరగా చాయ్ పోసి పంపేవారు. అది గౌరవమనే అనుకున్నాను.)

మా నానీకి, అంటే అమ్మమ్మకు, ఒక ఎర్ర మేక ఉండేది. గల్లీ చివర ఉండే పోతు మామకు అంతకన్నా ఎర్రటి మేకపోతు ఉండేది. ఆ పోతు వల్లే ఆయనకా పేరు. ఎర్రటి పిల్లలు పుడతాయని పాపన్నపేట నుంచి కూడా మేకలను ఆటోల్లో ఎక్కించుకొచ్చేవారు. నానీ కూడా తన మేకను అక్కడికే తోలుకెళ్లింది. తీరా అది ఈనితే, పుట్టింది బొగ్గులాంటి నల్ల పిల్ల. మామ వచ్చి చూసి, ఇది తన పోతుకు పుట్టింది కాదని, మేక ఇంకెక్కడో తిరిగొచ్చి ఉంటుందని తేల్చేశాడు. నానీకి కోపం ముక్కు మీదికొచ్చింది. తన మేక ఒంటరిగా గల్లీ మలుపు కూడా దాటదని, దాని నడవడిక గురించి ఇంకొక్క మాటంటే బాగుండదని చెప్పింది. అంతే, నా చిన్నప్పటి నుంచీ కలిసిమెలిసి ఉన్న రెండిళ్ల మధ్య మాటలు ఆగిపోయాయి. పండక్కి వాళ్లింటికి పంపాల్సిన సేమియా గిన్నె పొయ్యి పక్కనే చల్లారిపోయింది. నానీ ఆ రోజు తనూ తినలేదు.

ఇక నేను రంగంలోకి దిగాను. ఇద్దరినీ బతిమాలి మేకల కొట్టం ముందు కూర్చోబెట్టి (నానీ మామకు వీపు పెట్టి కూర్చుంది) గోడ మీద బొగ్గుతో గళ్లు గీశాను. రంగు సంగతి పిల్లకు తల్లి నుంచి ఒక వంతు, తండ్రి నుంచి ఒక వంతు వస్తుందని, ఎరుపు పక్కనుంటే నలుపు బయటపడదని, తల్లిలోనూ తండ్రిలోనూ దాగిన నలుపులు రెండూ ఒకే పిల్లకు చేరితే అది నల్లగా పుడుతుందని చెప్పాను. అక్కడ ఆగి ఉంటే బాగుండేది. ఈ సమాచారం పిల్ల ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంటుందని కూడా అన్నాను.

"అంతట ఉంటే నాలుక మీద ఎంటికలెందుకు మొలుస్తలేవు బిడ్డా?" అన్నాడు మామ.

గోడ మీద ఊరికే ఇంకో గడి గీశాను. తర్వాత గుర్తొచ్చి, అన్ని కణాలకూ అన్ని పనుల సంగతీ అందుతుందని, కానీ ఎదిగేటప్పుడు ఒక్కోటీ తనకు కావలసింది వాడుకుని మిగతాది మూసిపెడుతుందని, అందుకే చర్మం చర్మంలా, నాలుక నాలుకలా తయారవుతాయని చెప్పాను.

అప్పుడు నానీ ఇటు తిరిగింది. "మా ఇంట్ల లెక్కనే అన్నట్టు. గిన్నెలు తోముడు అందరికి ఎరుకే. తోమేది నేనొక్కదాన్నే."

మామకు నవ్వాగలేదు. నానీ పెదవులు కూడా కదిలాయి. ఇక కలిసిపోయారనుకుంటుండగా నేను ఉత్సాహం పట్టలేక, నలుపులో సగం మామ పోతుదేనని ఇంకోసారి చెప్పాను. మామ నవ్వు మాయమైంది. తన పోతు పేరు చెడగొట్టొద్దని చెప్పి, తువ్వాలు దులిపి వెళ్లిపోయాడు.

కొన్ని వారాలకు మామ సొంత ఎర్ర మేక ఈనింది. రెండు పిల్లలు, ఒకటి నల్లది. ఆ మేక ఆయన వాకిలి దాటి ఎరగదని గల్లీ అంతటికీ తెలుసు. మామ జున్ను గిన్నె పట్టుకుని మా గుమ్మంలో నిలబడి, తప్పయిందన్నాడు.

"మాఫీ నాకెందుకు? పోయి మేకను అడుగు" అంది నానీ.

ఆయన నిజంగానే కొట్టంలోకి వెళ్లి చేతులు జోడించాడు. మేక ఆయన చొక్కా అంచు నమలడం మొదలుపెట్టింది. నానీ నవ్వుతూ వెళ్లి విడిపించి, లోపలికి రమ్మని కుర్చీ వేసింది.

ఇప్పుడు నేను జూనియర్ కాలేజీలో అదే పాఠం చెబుతున్నాను. నానీ పోయి చాలా కాలమైంది. ఈమధ్య అద్దంలో చూసుకుంటే గడ్డం అచ్చం ఆమెదే. మొండికేసినప్పుడు అది ముందుకొచ్చే తీరు కూడా. పాఠం ప్రకారం ఇందులో వింతేమీ లేదు. అయినా కొన్నిసార్లు పొద్దున్నే క్లాసుకు ఆలస్యమవుతున్నా, ఆ గడ్డాన్ని చూసుకుంటూ ఇంకాసేపు నిలబడతాను.